మావయ్య చదివిన లీగు పంచాంగం

మొన్న ఆగస్టు మొదటి వారంలో మా తమ్ముడి కూతురు వచ్చి నా పక్కన కూర్చుని, ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగు ఇంకో పది రోజుల్లో మొదలవుతుందనీ, ఈ ఏడు ఎవరు గెలుస్తారో ఎవరు అడుగున పడతారో కంప్యూటరు లెక్కకట్టి చెప్పేసిందనీ అంటూ తన ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. చూస్తే ఇరవై జట్ల పేర్లూ వరసగా ఉన్నాయి, ఒక్కొక్క పేరు పక్కన శాతాలు, శాతాలు చాలవన్నట్టు వాటికి దశాంశాలు. ఇంత కచ్చితంగా తెలిసిపోయాక ఇక వాళ్ళు ఆడటం దేనికే, ఆ డబ్బాకే కప్పు ఇచ్చేసి ఇంటికెళ్ళమను అన్నాను. అది జోస్యం కాదు, సంభావ్యత అని నాకు పాఠం చెప్పబోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఎకనామిక్స్ చెబుతున్నదానికి సంభావ్యత పాఠం! నేను అందుకోగానే, "నీతో వాదించలేం అత్తా" అని లేచి వెళ్ళిపోయింది. ఆ మాట నాకు కొత్త కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ రకరకాల వాళ్ళు రకరకాల గొంతుల్తో అన్నారు, నేను మెచ్చుకోలుగానే తీసుకుంటూ వస్తున్నాను.

నిజానికి నాకు నచ్చనిది ఆ శాతాలు కాదు. ఆ జాబితా చదవడానికి అర నిమిషం పట్టింది, అందులో ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. మా ఇంట్లో ఇదే జాబితా చదవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తిగా పట్టేది, ముగిసేలోపు కనీసం ముగ్గురు మాటలు మానుకునేవారు.

తొంభైల సంగతి చెబుతున్నాను. రాజమండ్రి వీధుల్లో ఒక మేడ మీద గొడుగు తిరగేసినట్టు డిష్షు పెట్టి, అక్కణ్ణించి కొబ్బరిచెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ నల్ల తీగలు లాగిన రోజులు మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. వీధంతా క్రికెట్ కోసమో సీరియళ్ళ కోసమో కేబుల్ పెట్టించుకుంటే, మా ఇంట్లో మాత్రం ఇంగ్లండు ఫుట్‌బాల్ వచ్చే ఛానెల్ ఉంటేనే కనెక్షన్ అని మా మావయ్య కేబుల్ ఆయన దగ్గర పట్టుబట్టాడు. ఇల్లు మాది, టీవీ మాది, పట్టుబట్టింది మావయ్య. మా ఇంట్లో ఏ సంగతైనా అలాగే జరిగేది. ఆయన మా అమ్మకి అన్నగారు, రెండు వీధుల అవతల ఉండేవాడు, పేపరు మిల్లులో కెమిస్టు. తాలూకాఫీసులో పనిచేసే మా నాన్నగారు ఎంత నెమ్మదస్తుడంటే, ఇంట్లో కిటికీకి రంగు వేయించాలన్నా "మీ మావయ్యని ఒక మాట అడుగుదాం" అనేవారు.

మావయ్యకి ఈ పిచ్చి అంటించినవాడు ఒక తెల్ల ఇంజినీరు. మిల్లులో ఏదో కొత్త మిషను బిగించడానికి వచ్చి ఎనిమిది నెలలున్నాడట. మా అత్తయ్య చేతి గుత్తివంకాయ తిని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగానే ఇంకోటి వెయ్యమన్నాడట. వెళ్ళేటప్పుడు తన సొంతూరి జట్టు ఉన్ని కండువా మావయ్య మెడలో వేసి వెళ్ళాడు. దాని రంగు అచ్చం నవనవలాడే వంకాయ. అంతే, ఆ రోజునుంచీ అది మావయ్య జట్టు. వాళ్ళ అసలు పేరు ఇక్కడ రాయను. ఆ జట్టు అభిమానులెవరైనా చదివితే నా మీదికి పోట్లాటకొస్తారు, నాకు మునుపటి ఓపిక లేదు. ఎలాగూ మా ఇంట్లో ఏ జట్టునీ అసలు పేరుతో పిలిచింది లేదు, నాన్నగారికి ఆ పేర్లు నోరు తిరిగేవి కావని మావయ్య చొక్కా రంగుల్ని బట్టి పేర్లు పెట్టాడు. ఎర్రచొక్కాల వాళ్ళు, పచ్చసొన వాళ్ళు, కాకులు, చారల వాళ్ళు, వంకాయరంగు వాళ్ళు.

లీగు మొదలయ్యే ముందు వచ్చే ఆదివారం నాడు, భోజనాలై అందరూ ఒక కునుకు తీసి లేచాక, మా వీధి అరుగు మీద మావయ్య లీగు పంచాంగ శ్రవణం చేసేవాడు. నవ్వకండి, సాక్షాత్తూ ఉగాది పంచాంగం లాగే. తెల్ల లాల్చీ, ఆ ఉక్కపోతలో భుజం మీద ఉన్ని కండువా, చేతిలో నాలుగు మూలలా పసుపు రాసిన పొడుగు నోటుబుక్కు. ముందు ఆ ఏటి నాయకుల్ని చదివేవాడు, రాజెవరు, మంత్రెవరు, సేనాధిపతెవరు అని. తర్వాత ఒక్కొక్క జట్టుకీ ఆదాయ వ్యయాలు, అంటే కొట్టబోయే గోల్సూ తినబోయే గోల్సూనూ. రాజపూజ్యమంటే గెలుపులు, అవమానమంటే ఓటములు. ఫలానా వారికి గోల్‌కీపరు స్థానంలో శని ఉన్నాడు కనుక డిసెంబరు వరకు కష్టకాలం, తర్వాత గురుబలం అని చదువుతుంటే, ఎదురింటి మాస్టారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆయన లూథరన్ చర్చి బడిలో లెక్కల మాస్టారు, ఉగాదికి రాని మనిషి దీనికి మాత్రం ప్రతి ఏడూ వచ్చేవారు. పంచాంగంతో వేళాకోళాలేంటి అన్నయ్యా, కళ్ళు పోతాయి అని అమ్మ వేడి వేడి పుణుకులు తెచ్చి పెడుతూనే తిట్టేది, తిట్టి గుమ్మంలో నిలబడి, ఈ ఏడైనా ఆ కాకులకి బాగుంటుందా అని మెల్లిగా అడిగేది.

వినడమే కాదు, అందరం ఇరవై జట్లకీ స్థానాలు వేసి చీటీలు ఇవ్వాలి, మావయ్య వాటిని నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. మే నెలలో లీగు ముగిశాక ఎవరి చీటీ అసలు వరసకి దగ్గరగా ఉంటే వాళ్ళకి, కోరుకొండ దగ్గర మావయ్యకున్న రెండు మామిడిచెట్ల తొలి బుట్ట. ఆ బుట్ట ఎక్కువసార్లు మాస్టారింటికే వెళ్ళేది. ఆయన పద్ధతి ఒక్కటే, పోయినేడు ఎవరు ఎక్కడ ఉన్నారో ఈ ఏడూ అక్కడే ఉంటారని ఉన్నదున్నట్టు ఎక్కించి ఇచ్చేవారు. లోకం మీద అంత నమ్మకం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాన్నగారు అందరికీ సమానంగా మార్కులు వేయడానికి వీల్లేదా అని అడిగేవారు. నాకు పదో తరగతి అయ్యాకే చీటీ రాసే అర్హత వచ్చింది, అంతకుముందు పుణుకులు అందించడమే. నా పద్ధతి నాది. మిగతావాళ్ళు ఎవరు గెలుస్తారా అని చూసేవాళ్ళు, నేను ఎవరు మునుగుతారా అని చూసేదాన్ని. గెలుపు దగ్గర అందరూ ఒకేలాగుంటారు, మునిగేవాళ్ళ దగ్గరే ఆలోచించడానికేమైనా ఉంటుంది. ఈ అభిప్రాయం నేనింకా మార్చుకోలేదు.

మునగడమంటే ఏంటో ఒక్క మాట చెప్పాలి. ఆ లీగులో ప్రతి ఏడూ అడుగున ఉన్న మూడు జట్లు కింది లీగులోకి దిగిపోతాయి, అక్కణ్ణించి మూడు పైకొస్తాయి. తప్పినవాళ్ళని కింది తరగతిలో కూర్చోబెట్టినట్టన్నమాట. నా చదువు మొత్తం ఆ దిగిపోవడం మీద ఆధారపడుతుందని అప్పటికి నాకు తెలియదు.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చిన ఏడు ఎమ్మే చదువుతానని, విశాఖపట్నం హాస్టల్లో ఉంటానని ఇంట్లో చెప్పాను. నాన్నగారు కాదనలేదు, అవుననలేదు, మావయ్యని అడుగుదామన్నారు. మావయ్యేమో అంతకు నెల ముందే ఎవరిదో పెళ్ళిలో, వడ్డన పంక్తిలో ముప్ఫై మంది ముందు, ఆడపిల్లని సముద్రం ఒడ్డుకి పంపి చదివించాల్సినంత చదువు ఏంటండి, రాజమండ్రిలో లేనిది అని గట్టిగా అని ఉన్నాడు. పైగా మండపేట నుంచి ఒక సంబంధం కబురు కూడా వచ్చింది, రైసుమిల్లు వాళ్ళు, మంచి కుటుంబం. ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు. నేనతన్ని కావాలనలేదు, అంతే.

ఆ ఆగస్టు శ్రవణంలో మావయ్య వంకాయరంగు వాళ్ళకి రాజపూజ్యం పద్దెనిమిది, అవమానం పది చదివి ఆరో స్థానం ఇచ్చాడు. నా చీటీలో వాళ్ళది పంతొమ్మిది. నా కారణాలు నాకున్నాయి, గోల్స్ కొట్టే ఇద్దర్నీ ఆ వేసవిలోనే వదులుకున్నారు, ఉన్న నలుగురు డిఫెండర్ల వయసులూ కలిపితే మన పాత రైలువంతెన కంటే ఎక్కువ. ఈ మాట అనేసరికి మాస్టారు పైకే నవ్వేశారు. మావయ్య కండువా సర్దుకుని, నోరున్నంత మాత్రాన జ్ఞానమున్నట్టు కాదన్నాడు. జ్ఞానమున్నవాళ్ళు ఉన్ని కండువా ఆగస్టులో వేసుకోరన్నాను. అమ్మ నన్ను లోపలికి పిలిచింది, నేను వెళ్ళలేదు. అలా మాటా మాటా పెరిగి, దిగిపోరని ఆయన, దిగిపోతారని నేను, చివరికి ఆయన నోటుబుక్కు మూసేసి అన్నాడు.

"వీళ్ళు గనక దిగిపోతే నిన్ను నేనే చెయ్యి పట్టుకుని విశాఖపట్నం తీసుకెళ్ళి చేరుస్తాను. దిగిపోకపోతే మండపేట వాళ్ళని రమ్మంటాం. నువ్వు కిక్కురుమనకూడదు."

నాన్నగారు కుర్చీలోంచి లేచేలోపే నేను సరే అనేశాను. పందేలు మంచివి కావండి అని మాస్టారు మెల్లగా అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. మా వైపు సంగతి తెలిసినవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. కోడి మీద కాసినా కొబ్బరికాయ మీద కాసినా, నలుగురి మధ్య నోటినుంచి వచ్చిన పందెం పందెమే. దాని తర్వాత ఇక చర్చ లేదు.

ఆ ఏడు శనివారం సాయంత్రాలు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకిప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది. ఆడపిల్లలు సోమవారాలూ శుక్రవారాలూ దేనికోసమో మొక్కుకునే వయసులో, నేను ఎక్కడో ముక్కూ ముఖం తెలియని పదకొండు మంది కాళ్ళు తడబడాలని మొక్కుకున్నాను. కోరుకొండ మెట్లెక్కుతూ నరసింహస్వామికి కూడా ఈ సంగతి విన్నవించాను. ఆయనకి ఆఫ్‌సైడు తెలుసో లేదో ఆలోచించలేదు. వంకాయరంగు వాళ్ళు సంక్రాంతి దాకా అడుగునే ఉన్నారు, మావయ్య ముఖం వాడిపోయింది. ఫాల్గుణంలో వరసగా నాలుగు గెలిచారు, నా ముఖం వాడిపోయింది. నాన్నగారు మాత్రం టీవీ చూడకుండా నన్నూ మావయ్యనీ చూసేవారు, ఎవరి ముఖం బాగుందో చూస్తే ఆటలో ఏం జరిగిందో తెలిసేదట. మే నెల వచ్చేసరికి దిగిపోయే ముగ్గురిలో ఇద్దరు తేలిపోయారు, మూడో చోటు వంకాయరంగు వాళ్ళదా చారల వాళ్ళదా అన్నది ఆఖరి ఆదివారానికి మిగిలింది.

ఆ ఆదివారం సాయంత్రం టీవీలో ఎర్రచొక్కాల వాళ్ళ ఆట వేశారు. మావి చిన్న జట్లు కదా, వాటి స్కోర్లు మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో అప్పుడప్పుడూ వచ్చి పోయేవి. సగం ఆట అయ్యేసరికి వంకాయరంగు వాళ్ళూ చారల వాళ్ళూ పాయింట్లలో సమానంగా ఉన్నారు. అప్పుడు కరెంటు పోయింది. మే నెల రాజమండ్రిలో కరెంటు పోవడం వింతేం కాదు గానీ, ఆ రోజు మాత్రం ఎలక్ట్రిసిటీ వాళ్ళందరూ కలిసి నా మీద కుట్ర పన్నారనిపించింది. మావయ్య ఒక అరగంట విసనకర్రతో విసురుకుంటూ కూర్చుని, పొద్దున్న పేపరులో చూద్దాం అని వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో మన తెలుగు పేపర్లలో ఈ ఆట గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. మా రెండు వీధులకీ ఇంగ్లీషు పేపరు వేయించుకునేది మావయ్య ఒక్కడే, మాస్టారు కూడా సాయంత్రం దాన్నే అరువు తెచ్చుకునేవారు, లేకపోతే బళ్ళో చూసేవారు.

మర్నాడంతా నేను వీధి గుమ్మాన్నే ఉన్నాను. మావయ్య అయిదింటికి గానీ రాలేదు. వస్తూ పేపరు తెచ్చాడు, అందులో ఆటల పేజీ లేదు. ఆవకాయ మిరపకాయలు ఎండబెట్టడానికి మీ అత్తయ్య పరిచేసిందే, దాని మీద ఇప్పుడు రెండు వీశెల మిరపకాయలున్నాయి అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నాన్నగారి వైపు తిరిగి నిలబడే చెప్పాడు.

"బావగారూ, మావాళ్ళు దిగిపోయారు. చారల వాళ్ళు బతికిపోయారు. అమ్మాయిని ఎమ్మే ఎంట్రెన్సు పరీక్షకి నేను తీసుకెళ్తాను."

నాన్నగారు ఆయన్ని ఒక్క క్షణం చూసి, పందెం పందెమే కదండి అన్నారు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మండపేటకి ఏం కబురు చెయ్యాలో ఆ సాయంత్రమే మాట్లాడుకున్నారు.

తర్వాత రెండు నెలలు నేను మనిషిలా ప్రవర్తించలేదు. మావయ్య గుమ్మంలోకి రాగానే, దిగిపోయినవాళ్ళకి కింద చాప వెయ్యనా అనేదాన్ని. విస్తట్లో గుత్తివంకాయ పడితే, పాపం వీటికి కూడా కాలం కలిసి రాలేదనేదాన్ని. ఒక మాటకి పది మాటలు తిరిగి చెప్పే మనిషి తలవంచుకుని అన్నం కలుపుకునేవాడు. ఓటమి మనుషుల్ని ఎంత మెత్తబరుస్తుందో అని నేను జ్ఞానిలా అనుకున్నాను. సీటొచ్చాక జూలైలో నన్ను చేర్చడానికి రైల్లో తీసుకెళ్తుంటే, సామర్లకోట దాటిన దగ్గర్నుంచీ ఆ జట్టు ఎందుకు మునిగిందో ఒక్కొక్క ఆటగాడి పేరూ ఎత్తి వివరించాను. తునిలో ఆయన దిగి, టీ తాగి, నాకు జీడిపప్పు పొట్లం తెచ్చి, సరే ఎక్కడిదాకా వచ్చాం, ఆ లెఫ్ట్ బ్యాకు సంగతి చెప్పు అన్నాడు. చెప్పాను. అనకాపల్లి దాకా చెప్పాను.

ఆగస్టులో హాస్టలుకి నాన్నగారి ఉత్తరం వచ్చింది. ఈ ఏడు శ్రవణం కూడా బాగా జరిగిందనీ, నువ్వు లేక గొడవలు లేకుండా తొందరగా అయిపోయిందనీ రాసి, మావయ్య చదివిన ఇరవై జట్లనీ నా కోసం ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి పంపారు. వంకాయరంగు వాళ్ళు అందులో లేరు, చారల వాళ్ళు ఉన్నారు. మాస్టారు గారు మాత్రం కళ్ళజోడు విరిగిందని ఈసారి చీటీ ఇవ్వలేదు అని చివర్లో ఒక వాక్యం. ఆ వారాంతం ఆటలయ్యాక సోమవారం రీడింగ్ రూములో ఇంగ్లీషు పేపరు తీశాను. ఫలితాల్లో వంకాయరంగు వాళ్ళ అసలు పేరు ఉంది, గెలిచారు కూడా. పేపరు వాళ్ళు తప్పు వేశారనుకున్నాను. ఇలాంటి తప్పులు పాఠకుల్ని ఎంత తప్పుదారి పట్టిస్తాయో తెలియజేస్తూ ఎడిటరుగారికి ఒక ఉత్తరం కూడా మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక ఎందుకో కలం ఆగింది. లైబ్రరీకి వెళ్ళి మే నెల పేపర్ల కట్ట దింపించి, ఆ సోమవారం నాటిది వెతికి తీశాను.

వంకాయరంగు వాళ్ళు ఒక్క పాయింటు తేడాతో మిగిలారు. దిగిపోయింది చారల వాళ్ళు. పందెం నేను ఓడిపోయాను.

ముందు నాకొచ్చింది కోపం, దాచుకోవడం దేనికి. మూడు నెలలుగా తప్పు వాదన చేస్తూ, అది గెలిచిన వాదనని ఊరేగుతూ ఉన్నాను, నాతో ఒక్కరూ చెప్పలేదు. ఆ తర్వాత భయం వేసింది, ఈ సంగతి నాన్నగారికి తెలిస్తే మండపేట మళ్ళీ లేస్తుంది, పందెం పందెమే కదా. ఆ భయం కూడా కొంచెం సద్దుమణిగాక, తునిలో టీ తాగి వచ్చి లెఫ్ట్ బ్యాకు సంగతి చెప్పమన్న ముఖం గుర్తొచ్చింది. మునగని జట్టు ఎందుకు మునిగిందో అనకాపల్లి దాకా విన్నాడాయన. మాస్టారి కళ్ళజోడు కూడా అప్పుడర్థమైంది. పోయినేటి వరసనే ఎక్కించే మనిషి, చీటీ రాస్తే నిజం రాయాలి, లేదా అబద్ధం రాయాలి. ఆయన రెండూ చెయ్యలేక కళ్ళజోడు విరగ్గొట్టుకున్నారు.

దసరా సెలవులకి ఇంటికొచ్చాను. మావయ్యని ఒంటరిగా పట్టుకుని నిలదీద్దామని రైల్లోనే మాటలు పేర్చుకున్నాను గానీ, వచ్చిన రోజు శనివారమైంది. సాయంత్రానికి అందరూ టీవీ ముందు చేరిపోయారు. తెర మీద ఎర్రచొక్కాల వాళ్ళు మైదానంలోకి వచ్చారు, వాళ్ళ పక్కనే వరసగా వంకాయరంగు చొక్కాలు. నాన్నగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని ముందుకు వంగారు. వీళ్ళు దిగిపోయారన్నారు కదా బావగారూ, మరి ఇక్కడేం చేస్తున్నారని అడిగారు.

మావయ్య ఏమాత్రం తొణక్కుండా, ఇది లీగు కాదు, కప్పు మ్యాచి, దీన్లో కిందివాళ్ళు కూడా ఆడొచ్చు అన్నాడు. దసరా రోజుల్లో వచ్చే కప్పు ఆటలు శనివారాలు పెట్టరని నాకు తెలుసు. తెర మూలన లీగు పేరు ఇంగ్లీషులో ఉండనే ఉంది. మాస్టారు తన చెప్పులకేసి చూసుకుంటున్నారు. నాన్నగారు నా వైపు తిరిగారు. మావయ్య తప్పు మాట అంటే నేను ఊరుకోనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే నన్ను అడిగారు.

"అంతేనా అమ్మా?"

"అంతేనండి నాన్నగారూ. కప్పే."

అమ్మ గుమ్మంలోంచి, వాళ్ళ మావయ్య మాటకి ఇది అవునందంటే ఇవాళ వాన తప్పదు, పెరట్లో బట్టలున్నాయి అని వెళ్ళి నిజంగానే బట్టలు తీసుకొచ్చింది. వాన పడలేదు. వంకాయరంగు వాళ్ళు గోలు కొట్టారు, మావయ్య లేచి నిలబడి, కప్పు మ్యాచికి అంత సంతోషం ఎక్కువనుకున్నాడో ఏమో, మళ్ళీ కూర్చున్నాడు.

ఆట అయ్యాక అరుగు మీదికి వెళ్ళాను. ఎప్పుడు తెలిసిందని అడిగాడు. ఆగస్టులోనే అన్నాను. రెండు నెలలు నోరు కట్టుకున్నావంటే హాస్టలు చదువు బాగానే అబ్బిందన్నాడు. ఇంత నాటకం దేనికి, నాన్నగారితో పంపించమని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా అని అడిగాను.

"మనసు మార్చుకున్నానంటే మీ నాన్న వంద ప్రశ్నలు వేస్తాడు. ఓడిపోయానంటే ఒక్కటీ వెయ్యడు."

మరి పెళ్ళిలో ముప్ఫై మంది ముందు వద్దని నువ్వే అన్నావు కదా మావయ్యా అన్నాను.

"అందుకే కదే ఓడిపోవాల్సొచ్చింది," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడంతా ఆయన రెండు లీగులు నడిపాడు. ఒకటి ఇంగ్లండులో జరిగేది, రెండోది మా ఇంటికోసం. చారల వాళ్ళు ఎలా ఆడుతున్నారని నాన్నగారు అడిగితే, ఏ వారానికావారం ఒక స్కోరు కల్పించి చెప్పేవాడట, ఒకసారి వాళ్ళ గోల్‌కీపరు కాలు కూడా విరగ్గొట్టాడట. మళ్ళీ మే వచ్చేసరికి, మావాళ్ళు కింది లీగులో గెలిచి పైకొచ్చేశారని ప్రకటించాడు. అన్నయ్య జట్టు పైకొచ్చిందని అమ్మ బొబ్బట్లు చేసింది. అసలు దిగనే దిగని జట్టు ఎక్కి వచ్చినందుకు మేమంతా కూర్చుని బొబ్బట్లు తిన్నాం, మాస్టారు రెండోసారి నెయ్యి వేయించుకున్నారు. ఆ ఆగస్టు నుంచీ మళ్ళీ చీటీ రాయడం మొదలుపెట్టారు. నాన్నగారికి ఈ సంగతి ఎప్పుడైనా తెలిసిందో లేదో నాకు తెలియదు. తాలూకాఫీసుకి ఇంగ్లీషు పేపరు వచ్చేదని మాత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నేనడగలేదు. నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న నా జీవితంలో బహుశా అదొక్కటే.

ఎమ్మే అయింది, రాజమండ్రిలోనే ఉద్యోగం వచ్చింది, నాకు నచ్చినవాణ్ణి పెళ్ళాడాను, ఆయనతో కూడా వాదిస్తూనే సుఖంగా ఉన్నాను. మండపేట ఆయన ఒకసారి వాళ్ళమ్మాయిని మా కాలేజీలో చేర్చడానికి వచ్చారు, దరఖాస్తు నేనే నింపి పెట్టాను, ఆ పిల్లకి కూడా మంచి నోరే. మావయ్య రిటైరయ్యాక కూడా కొన్నేళ్ళు శ్రవణం చేశాడు. తర్వాత్తర్వాత ఇంటర్నెట్టు సెంటర్లు వచ్చాయి, ఇళ్ళలోకే కంప్యూటర్లు వచ్చాయి, చీటీలిచ్చే వాళ్ళు తగ్గారు, ఆయన గొంతూ తగ్గింది. ఇప్పుడు ఆయనా లేడు, మాస్టారూ లేరు.

ఇప్పుడు ఆట ముగిసిన క్షణంలోనే ఎవరు నిలిచారో ఎవరు దిగారో లోకమంతటికీ ఒక్కసారే తెలిసిపోతుంది. మంచిదే, నేను కాదనను, ఎదురుచూపు ఎంత బాధో ఆ సోమవారం గుమ్మంలో నిలబడ్డ నాకంటే ఎవరికి తెలుసు. కానీ అక్కడ ఆట ముగియడానికీ, మా వీధికి ఆ కబురు రావడానికీ మధ్య ఆ రోజుల్లో ఒక రాత్రీ ఒక పగలూ పట్టేది. ఆ పగలు మావయ్య తన పేపరు తను చదువుకుని, గెలిచిన పందెం చేతిలో పట్టుకుని, సాయంత్రం అయిదింటిదాకా తనలో తనే ఆలోచించుకున్నాడు. గెలిచినవాడికి అంతసేపు ఆలోచించుకునే తీరిక ఇప్పుడెవరు ఇస్తున్నారు?